ఉప్పు పడని చిక్కుళ్ల పాట

జైడికో అనే సంగీతాన్ని నేను మొదట విన్నది ఫోనులో. హ్యూస్టన్‌లో పని చేసే రోజుల్లో సహోద్యోగి ఒకాయన పంపించిన పాట. అకార్డియన్ అనే తిత్తి వాద్యం ఒకే ముక్కను తిప్పి తిప్పి వాయిస్తోంది. వెనక ఎవరో రేకు గీకుతున్నట్టు చప్పుడు. గాయకుడు సగం ఇంగ్లీషు, సగం ఫ్రెంచి కలిపి రెండంటే రెండే వాక్యాలు పాడుతున్నాడు. మూడు నిమిషాలకే విసుగు పుట్టింది. బాగుందని మర్యాదకు బదులిచ్చి ఊరుకున్నాను. ఆరు నెలల తరవాత ఒక శనివారం రాత్రి, ఒక కేథలిక్ చర్చికి చెందిన హాలులో, అదే తరహా సంగీతాన్ని ఎదురుగా వాయిస్తుంటే నాలుగు గంటల సేపు కూర్చోలేకపోయాను. అతిశయోక్తి ఏమీ లేదు. కుర్చీ ఉంది, కాళ్లు ఒప్పుకోలేదు.

ఎదురుగా కూర్చుని వింటే ఏ సంగీతమైనా బాగుంటుంది కదా అనవచ్చు. నాకు ఆ సమాధానం చాలలేదు. మంచి కచేరీ రికార్డు ఇంట్లో పెట్టుకుని విన్నా రాగం రాగంగానే వినబడుతుంది, ఒక్కోసారి హాలులో కంటే నిదానంగా అందుతుంది. జైడికో విషయంలో అలా జరగదు. రికార్డులోకి అది సగమే ఎక్కుతుంది. మిగిలిన సగం ఎక్కడ ఉండిపోతుందో తెలుసుకోవాలని కొంతకాలం వెంటపడ్డాను. పేరు దగ్గర మొదలుపెడితే ఒక రేకు, ఒక తిత్తి, చివరికి ఒక చెక్క నేల దాకా వచ్చాను.

పేరులో ఒక ఆగమం

ఈ సంగీతం పుట్టింది అమెరికాలోని లూసియానా రాష్ట్రానికి నైరుతి మూలన, లఫయెట్, ఒపెలూసస్, లేక్ చార్ల్స్ పట్టణాల చుట్టూ ఉన్న పల్లెల్లో. అక్కడి నల్లజాతి క్రియోల్ జనం మాట్లాడే ఫ్రెంచిలో ఒక వాక్యం ఉంది: "లే జారికో సోం పా సలే". చిక్కుళ్లలో ఉప్పు పడలేదు అని అర్థం. చిక్కుడుకాయను ఫ్రెంచిలో "ఆరికో" అంటారు, దాని ముందు బహువచనానికి "లే" వస్తుంది. పారిస్ వ్యాకరణం ప్రకారం ఈ రెంటినీ కలపకూడదు, "లే ఆరికో" అని విడదీసే పలకాలి. లూసియానా రైతులకు ఆ నియమంతో పని లేదు. రెండు అచ్చుల నడుమ "జ" చేర్చి "లే జారికో" అన్నారు. మనం "మా అమ్మ" అనడానికి "మాయమ్మ" అన్నప్పుడు నడుమ యకారం ఎలా వచ్చి కూర్చుంటుందో అలాగే అక్కడ జకారం వచ్చింది. చిన్నయసూరి ఆ పల్లెలో పుట్టి ఉంటే దానికీ ఒక సూత్రం రాసి ఉండేవాడు. ఆ "జారికో" ఇంగ్లీషు చెవుల్లో పడి రకరకాల అక్షరాలతో అచ్చయింది. హ్యూస్టన్‌లో జానపద సంగీతాన్ని సేకరించిన మాక్ మెకార్మిక్ 1960 ప్రాంతంలో వాడిన వర్ణక్రమమే చివరికి నిలిచింది.

ఇక్కడ ఉప్పు అంటే డబ్బాలోని ఉప్పు అనుకుంటే అర్థం జారిపోతుంది. ఆ ప్రాంతంలో చిక్కుళ్లు ఉడికేటప్పుడు ఉప్పు పట్టించి నిలవ చేసిన పంది మాంసం ముక్క ఒకటి కుండలో వేస్తారు. కూరకు ఉప్పూ రుచీ అదే ఇస్తుంది. కాబట్టి చిక్కుళ్లలో ఉప్పు పడలేదంటే మాంసం కొనే స్థోమత ఈసారి లేదని చెప్పడం. ఉప్పుకు కూడా గతి లేదని మనం అనే మాటకు ఇది దగ్గరి చుట్టం. అంటే ఒక సంగీతం మొత్తానికి పేరు ఖాళీ కుండ మీద పెట్టారన్నమాట. అన్ని వాద్యాలూ ఒక్కసారిగా ఉరకలెత్తే ఆ పాటలో గాయకుడు చెబుతున్నది ఇంట్లో లేమి గురించే.

పేరు గురించి ఇంకో వాదం కూడా ఉంది. బారీ ఆన్సెలే వంటి లూసియానా పండితులు పశ్చిమ ఆఫ్రికా భాషల్లో నాట్యానికి, సంగీతానికి సంబంధించి ఇలాంటి ధ్వనులే ఉన్న మాటలను చూపించి, చిక్కుడుకాయ కథ తరవాత అతికిందేమో అంటారు. రెండూ నిజమై ఉండవచ్చని నా అభిప్రాయం. పాత మాటను మరచిపోయిన జనం దానికి దగ్గరగా ఉన్న కొత్త మాటను పట్టుకోవడం ప్రతి భాషలోనూ జరిగేదే. ఏది ఏమైనా ఈ పదం ఒక్క సంగీతానికే చెందినది కాదు. అక్కడి వాళ్లు "ఈ రాత్రి జైడికోకి వెళ్తున్నాం" అంటారు. కోలాటం అంటే ఆటా, పాటా, ఆ సాయంత్రం జరిగే సందడీ అన్నీ ఎలా అవుతాయో జైడికో కూడా అంతే. పాటను ఆట నుంచి విడదీసి ఫోనులో పెట్టుకుని వింటే విసుగు రావడంలో ఆశ్చర్యం ఏముంది?

చేతులే వాద్యాలు

ఆ చిక్కుళ్ల వాక్యం మొదటగా రికార్డయింది 1934లో. జాన్ లోమాక్స్, ఆయన కుమారుడు ఆలన్ అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం తరఫున లూసియానా పల్లెల్లో పాటలు సేకరిస్తూ తిరిగారు. ఆలన్ వయసు అప్పటికి 19 ఏళ్లు. జెనింగ్స్ అనే ఊళ్లో జిమ్మీ పీటర్స్ బృందం పాడిన పాటలో ఈ మాటలు ఉన్నాయి. ఆ రికార్డులో అకార్డియన్ లేదు, పిడేలు లేదు. చప్పట్లు, నేల మీద కాళ్ల దెబ్బలు, గొంతులు మాత్రమే. ఈ పద్ధతిని జురే అంటారు. సాక్ష్యం చెప్పడం, ప్రమాణం చేయడం అనే అర్థమున్న ఫ్రెంచి క్రియ నుంచి వచ్చిన మాట. ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల ఉపవాస కాలంలో కేథలిక్కులు వాద్యాలతో ఆటపాటలు కూడదని నియమం పెట్టుకునేవారు. వాద్యం ముట్టకూడదన్నారు కాబట్టి చేతులతో, కాళ్లతో సరిపెట్టుకున్నారు.

ఉపవాసం లేని రోజుల్లో ఇళ్లలోనే ఆటలు జరిగేవి. వాటిని లా-లా అనేవారు. శనివారం వస్తే ఎవరో ఒకరి ఇంట్లో మంచాలు, బల్లలు బయట పెట్టేసి గది ఖాళీ చేసేవారు. ఒక మూల అకార్డియన్, పక్కన బట్టలుతికే గీతల రేకు పలక. వంటింట్లో గంబో అనే చిక్కని పులుసు ఉడుకుతూ ఉంటుంది. వరి పండించి అన్నం తినే నేల అది, గంబో కూడా అన్నంలో పోసుకుని తినేదే. తెలుగువాడికి ఆ ఇంట్లో ఆకలి సమస్య ఉండేది కాదు.

క్రియోల్, కేజన్: ఎక్కడ వేరు, ఎక్కడ ఒకటి

అమెరికాలోనే చాలామంది జైడికోను "కేజన్ సంగీతం" అనేస్తారు. ఒపెలూసస్‌లో అలా అంటే ఎదుటివారి మొహం మారుతుంది. కేజన్లు తెల్లజాతి ఫ్రెంచి జనం. ఇప్పటి కెనడాలోని నోవా స్కోషియా ప్రాంతాన్ని అప్పట్లో అకాడియా అనేవారు. 1755 నుంచి బ్రిటిష్ వాళ్లు అక్కడి ఫ్రెంచివారిని వెళ్లగొట్టారు. వారిలో కొందరు 1760ల నుంచి లూసియానా చేరారు. అకాడియన్ అన్న మాటే నలిగి కేజన్ అయింది. క్రియోల్ అన్న మాటకు మొదట వలస గడ్డ మీద పుట్టినవారని అర్థం. నైరుతి లూసియానాలో కాలక్రమాన అది ఫ్రెంచి మాట్లాడే నల్లజాతి వారికి స్థిరపడింది. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్లు, అంతర్యుద్ధానికి ముందే స్వేచ్ఛగా బతికిన మిశ్రమ కుటుంబాలు, ఫ్రెంచి, స్పానిష్ వలసదారులు, అక్కడి ఆదివాసి తెగలు, అందరూ వారి పూర్వీకుల్లో ఉన్నారు.

సంగీతంలో మాత్రం కంచె అంత గట్టిగా లేదు. కేజన్లకు పిడేలు ముఖ్యం, పాట గుండ్రంగా సాగుతుంది, మూడు దెబ్బల లయలో నడిచే వాల్ట్జులు ఎక్కువ. క్రియోళ్లు తాళాన్ని లోపలికి లాగి, అమెరికా నల్లజాతి వారి పాట పద్ధతి అయిన బ్లూస్ కలిపారు. ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా జరిగింది. 1929 డిసెంబరులో న్యూ ఆర్లియన్స్‌లో క్రియోల్ అకార్డియన్ వాద్యకారుడు అమెడే ఆర్డ్వాన్, తెల్లజాతి పిడేలు వాద్యకారుడు డెనిస్ మగీ కలిసి రికార్డులు ఇచ్చారు. నల్లవారు, తెల్లవారు ఒక బల్ల దగ్గర కూర్చుని తినడమే కుదరని కాలం అది. అమెడే మొత్తం 34 పాటలు రికార్డు చేశాడు. నేటి కేజన్ సంగీతం, నేటి జైడికో రెండూ ఆయన దగ్గర అప్పు పడ్డవే.

అమెడే కథ చివర చేదుగా ఉంటుంది. తెల్లవారి ఇంట్లో వాయిస్తూ చెమట తుడుచుకోవడానికి గుడ్డ అడిగితే, ఆ ఇంటి ఆడపిల్ల తన చేతి రుమాలు ఇచ్చిందట. తరవాత కొందరు దారి కాచి ఆయనను చావబాదారు. తోటి వాద్యకారులు, బంధువులు తరతరాలుగా చెబుతూ వచ్చిన కథ ఇది. 1942లో పైన్‌విల్‌లోని మానసిక చికిత్సాలయంలో ఆయన చనిపోయాడు. సమాధి ఏదో గుర్తు లేదు. 2018లో ఒపెలూసస్‌లో ఆయన విగ్రహం నిలబెట్టారు.

ఈ చరిత్ర చెప్పడానికి కారణం ఉంది. జైడికో గురించి రాసే ప్రచార పత్రాలు దాన్ని "బాధలు ఎరగని జనం కేరింత" అన్నట్టు చూపిస్తాయి. బాధ ఎరగని జనం కారు వాళ్లు. 1921 నాటి లూసియానా రాజ్యాంగం బడుల్లో ఇంగ్లీషు తప్ప వేరే భాషలో బోధన కూడదంది. ఇంటి భాష మాట్లాడినందుకు పిల్లలు దెబ్బలు తిన్నారు. ఆ ఆనందం ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోవాలంటే మనసును కాసేపు పక్కన పెట్టి వాద్యాలను చూడాలి. నాకైతే ఆ ఆనందం చేతిపని లాంటిదనిపిస్తుంది. తయారు చేసే పద్ధతి ఉంది, పనిముట్లు ఉన్నాయి.

తిత్తి ఎటు కదిలితే అటు

అకార్డియన్‌కూ మన నాటకాల హార్మోనియానికీ లోపలి సూత్రం ఒక్కటే. తిత్తి గాలిని తోస్తుంది, ఆ గాలికి సన్నని లోహపు రీడ్లు కంపించి స్వరం పలుకుతుంది. హార్మోనియంలో తిత్తి ఎలా కొట్టినా మెట్టు నొక్కితే వచ్చే స్వరం మారదు. లూసియానాలో మొదట వచ్చిన జర్మన్ అకార్డియన్ అలాంటిది కాదు. దాని మీద వరుసగా పది మీటలు ఉంటాయి. ఒక మీట నొక్కి తిత్తిని మూస్తే ఒక స్వరం, అదే మీట నొక్కి తిత్తిని తెరిస్తే ఇంకో స్వరం. అంటే పది మీటలకు ఇరవై స్వరాలు, అవీ ఒకే శ్రుతికి చెందినవి.

దీనివల్ల ఏమవుతుందో చూడండి. పాట నడవాలంటే తిత్తి దిశను క్షణక్షణం మార్చుకుంటూ పోవాలి. మార్చిన ప్రతిసారీ ధ్వనిలో ఒక చిన్న విరుపు, ఒక తోపు వస్తాయి. గాలి పీల్చి వదిలినట్టు ఉంటుంది. వాయించేవాడు కోరుకున్నా కోరుకోకపోయినా లయ ఆ పెట్టెలోనే ఉంది. మీటల అకార్డియన్ మీద సాగదీసిన ఆలాపన కుదరదు. ముక్కలు ముక్కలుగా, కొరికినట్టు పలుకుతుంది. ఫోనులో నాకు "ఒకే ముక్కను తిప్పి తిప్పి వాయించడం" అనిపించింది ఇదే. ఆ ముక్కను శ్రావ్యత కోసం వింటే పేలవంగా ఉంటుంది. డప్పు మీద పడే దరువుగా వింటే అర్థమవుతుంది.

ఈ పరిమితిని దాటినవాడు క్లిఫ్టన్ షెనియే. 1925లో ఒపెలూసస్ దగ్గర పుట్టాడు. తండ్రి పంటలో వాటా ఇచ్చే కౌలు రైతు, ఇంట్లో అకార్డియన్ వాయించేవాడు. క్లిఫ్టన్ చెరకు కొట్టాడు, టెక్సస్‌లోని పోర్ట్ ఆర్థర్ చమురు శుద్ధి కర్మాగారంలో పని చేశాడు. పియానో మెట్లు ఉన్న పెద్ద అకార్డియన్ పట్టుకున్నాడు. అందులో తిత్తి ఎటు కదిలినా ఒకే స్వరం, పన్నెండు స్వరస్థానాలూ ఉంటాయి. బ్లూస్‌లో జీరగా వినబడే స్వరాలన్నీ అందులో దొరుకుతాయి. దానికి విద్యుత్ గిటారు, డ్రమ్ములు, సాక్సోఫోన్ చేర్చాడు. 1954లో మొదటి రికార్డు ఇచ్చాడు. 1960ల మధ్య కాలిఫోర్నియాలోని ఆర్హూలీ సంస్థ నడిపిన క్రిస్ స్ట్రాక్‌విట్జ్ ఆయన పాటలు అచ్చు వేయడం మొదలుపెట్టాక దేశమంతా వినింది. తల మీద కిరీటం పెట్టుకుని వేదిక ఎక్కేవాడు. ఆ కిరీటం వేషం అనుకున్న వాళ్లు కూడా ఒక గంట విన్న తరవాత ఆ సంగతి మరచిపోయేవారు.

స్టాన్లీ డ్యూరల్ అనే యువకుడు, తరవాత బక్‌వీట్ జైడికో పేరుతో ప్రపంచమంతా తిరిగినవాడు, చిన్నతనంలో అకార్డియన్ అంటే మొహం తిప్పుకునేవాడు. అది నాన్నల కాలం వాద్యం అని. 1976లో క్లిఫ్టన్ బృందంలో ఆర్గన్ వాయించడానికి చేరాడు. మొదటి రాత్రి నాలుగు గంటలు ఆగకుండా వాయించారట. అయిపోయిందంటే నమ్మలేదు, ఇంకా వాయించాలనిపించిందని ఆయనే తరవాత చెప్పుకున్నాడు. అకార్డియన్ నేర్చుకుని సొంత బృందం పెట్టుకున్నాడు. నాకు ఈ కథ ఇష్టం, ఎందుకంటే వేదిక మీద ఉన్నవాడికి కూడా జైడికో వినడం వల్ల అర్థం కాలేదు, అందులో దిగాకే అర్థమైంది.

భుజాన వేసుకున్న రేకు

ఇక ఆ గీకుడు చప్పుడు. దాన్ని ఫ్రొట్వార్ అంటారు. ఫ్రెంచిలో రుద్దడం అనే క్రియ నుంచి పుట్టిన పేరు, రుద్దు పలక అనుకోండి. పూర్వం బట్టలుతికే పలకనే తాడుతో మెడకు కట్టుకుని వాయించేవారు. తాడు కోస్తుంది, పలక ఊగుతుంది. 1946లో పోర్ట్ ఆర్థర్‌లో క్లిఫ్టన్, ఆయన అన్న క్లీవ్‌లాండ్ అక్కడే లోహపు పని చేసే విల్లీ లాండ్రీ దగ్గరకు వెళ్లి, తనకు కావలసిన ఆకారాన్ని క్లిఫ్టన్ మట్టిలో గీసి చూపించాడని చెబుతారు. గీతల రేకును వంచి, రెండు భుజాల మీదుగా వేలాడేలా చేసిన కవచం అది. తరవాతి రోజుల్లో విల్లీ కొడుకు టీ డాన్ కూడా ఇవే తయారు చేశాడు. అమెరికా గడ్డ మీద ఒక చమురు కర్మాగారం కార్మికుల చేతుల్లో రూపు దిద్దుకున్న వాద్యం ఇది. సంగీత వాద్యాల చరిత్రలో ఇలాంటివి ఎక్కువ కనిపించవు.

వాయించడానికి కావలసినవి రెండు చెంచాలు, లేదా సీసా మూతలు తీసే పనిముట్లు. క్లీవ్‌లాండ్ రెండో రకం వాడేవాడు. రికార్డులో ఫ్రొట్వార్ పల్చగా, వాన చినుకుల్లా వినబడి వదిలేస్తుంది. హాలులో దాని తీరు వేరు. వాయించేవాడు నిలబడి, నడుస్తూ, ఒక్కోసారి వేదిక దిగి జనంలోకి వచ్చి వాయిస్తాడు. రెండు అడుగుల దూరంలో ఆ ధ్వని చెవిలోకి కాదు, పళ్లలోకి దిగుతుంది. ఆయన తన ఛాతీ మీదే వాయించుకుంటున్నాడు కదా, చూస్తున్నవారి ఛాతీ కూడా అప్రయత్నంగా కదులుతుంది.

చెవి గురించి ఒక చిన్న సాంకేతిక విషయం. బేస్ గిటారు అట్టడుగు తీగె సెకనుకు సుమారు 41 కంపనాలు పలుకుతుంది. ఫోనులో ఉండే చిన్న స్పీకరు అంత లోతు ధ్వనిని దాదాపు పలికించలేదు. ఇప్పటి జైడికోలో పాటను మోసేది బేస్, డ్రమ్ములే. కాబట్టి ఫోనులో విన్న నాకు ఇంటి పైకప్పు మాత్రమే కనిపించింది, గోడలు, పునాది కనిపించలేదు. విసుగు పుట్టడానికి ఇంతకు మించిన కారణం అక్కరలేదు. కానీ మంచి స్పీకర్లు కొంటే సరిపోతుందా? సరిపోదు.

నేల ఏం చేస్తుంది

నాలుగు అక్షరాల తాళం వేసుకోండి. జైడికో మొదటి అడుగు రెండు అక్షరాలు నిలుస్తుంది, తరవాతి రెండు అడుగులు ఒక్కో అక్షరం. తా, తక. తా, తక. కాళ్లకు తెలిసింది ఇంతే, నిమిషంలో వస్తుంది. దీని మీద ఫ్రొట్వార్ రెట్టింపు వేగంలో తకధిమి నింపుతూ ఉంటుంది. అకార్డియన్ మాత్రం తాళం తట్టే చోట పడదు, రెండు తట్ల నడుమ పడుతుంది. శరీరం అడుగు వేసి, మోకాలు వంచి, పైకి లేవబోయే క్షణంలో అకార్డియన్ కింది నుంచి తోస్తుంది. ఆ తోపును కూర్చుని వింటే ఏదో ఖాళీలో పడినట్టు ఉంటుంది, లయ కుంటుతున్నట్టు కూడా అనిపిస్తుంది. అడుగు వేస్తూ వింటే ఆ ఖాళీని మీ మోకాలే నింపుతుంది. ఆ సంగీతంలో ఒక వాద్యానికి చోటు వదిలారు. ఆ వాద్యం ఆడేవాడి శరీరం.

రికార్డులోకి ఎక్కని సగం ఇదే అని నేను అనుకుంటున్నాను.

కేజన్ ఆటలో జంటలు హాలు చుట్టూ తిరుగుతారు. జైడికోలో జంట తనకు దొరికిన చోటులోనే ఉంటుంది. లా-లా రోజుల ఇరుకు గదుల అలవాటు అంటారు. మోకాళ్లు వదులుగా, బరువు కిందకు, తల నిలకడగా ఉంచాలి. బాగా ఆడే వాళ్లను దూరం నుంచి చూస్తే నడుము పైన ఏమీ జరగనట్టే ఉంటుంది. ఆ సంయమనం నన్ను ఆశ్చర్యపరిచింది, ఎందుకంటే ప్రకటనల్లో చూపించే జైడికో అంతా చేతులు పైకెత్తి గెంతడమే.

బృందం కూడా నేలను చూస్తూ వాయిస్తుంది. పాత గ్రామఫోను రికార్డు ఒక వైపు మూడు నిమిషాలే పట్టేది, పాటలు ఆ కొలతకు కుదించి రికార్డు చేశారు. హాలులో అదే పాట పది నిమిషాలు నడవవచ్చు. జంటలు ఊపు మీద ఉంటే నాయకుడు పాట ముగించడు, గొంతు ఆపి అకార్డియన్ ముక్కను మళ్లీ తిప్పుతాడు. నేల ఖాళీ అవుతున్నట్టు కనిపిస్తే వెంటనే వాల్ట్జుకో, నిదానమైన బ్లూసుకో మారుస్తాడు. బో జాక్ అనే వాద్యకారుడు ఈ విషయాన్ని పరీక్షకు చదివినట్టు చదివాడు. ఆరున్నర అడుగుల మనిషి. 1987లో పనిలో పెద్ద ప్రమాదం జరిగి కొన్ని నెలలు మంచాన పడ్డాడు. కోలుకుంటూ తండ్రి అకార్డియన్ తీసి నేర్చుకున్నాడు. తరవాత భార్యతో కలిసి క్లబ్బులకు వెళ్లి, ఏ పాటకు జనం లేస్తున్నారు, ఏ పాటకు కూర్చుంటున్నారు అని గమనిస్తూ ఉండేవాడు. 1990ల్లో ఒపెలూసస్‌లోని స్లిమ్స్ వై-కీ-కీ, లాటెల్‌లోని రిచర్డ్స్ క్లబ్బు ఆయన పేరు చెబితే కిక్కిరిసేవి. 1999లో 45 ఏళ్ల వయసులో గుండెపోటుతో పోయాడు.

ఆయనకు ముందు, ఆయనకు పోటీగా కూడా, బూజూ చావిస్ ఉన్నాడు. 1954లో జైడికోకు మొదటి పెద్ద హిట్ ఇచ్చింది ఆయనే. ఆ పాట పేరుకు నా చెప్పులో కాగితం అని అర్థం. అరిగిపోయిన జోడులో కాగితం మడిచి పెట్టుకుని నడిచే మనిషి పాట. మొదట చిక్కుళ్లలో మాంసం లేదు, ఇప్పుడు జోడుకు అడుగు లేదు. ఆ పాట మీద రావలసిన డబ్బు తనకు సరిగా రాలేదని బూజూ నమ్మాడు. విరక్తి పుట్టి దాదాపు మూడు దశాబ్దాలు సంగీతం వదిలి లేక్ చార్ల్స్‌లో పందెపు గుర్రాలు పెంచుకున్నాడు. 1984లో తిరిగి వచ్చేసరికి ఆయన పాత మీటల అకార్డియన్ శైలి కుర్రకారుకు కొత్తగా వినిపించింది.

గుర్రాలు అన్నాను కాబట్టి ఒక మాట. నైరుతి లూసియానా మైదానాల్లో నల్లజాతి పశువుల కాపరుల సంప్రదాయం పాతది. ఇప్పటికీ ఆదివారాల్లో వందలాది మంది గుర్రాల మీద ఊరేగుతారు, వెనక బళ్లు, చివర జైడికో. కౌబాయ్ అంటే సినిమాల్లో కనిపించే తెల్లవాడే అనుకునే మనకు ఇది చూడవలసిన దృశ్యం.

హ్యూస్టన్ సంగతి

1970ల చివరికి లూసియానా పల్లెల్లో జైడికో ముసలివాళ్ల సంగీతం అయిపోతోందని భయం పుట్టింది. పైగా 1971లో రాష్ట్ర శాసనసభ ఆ ప్రాంతంలోని 22 పారిష్‌లకు, అంటే జిల్లాల వంటి వాటికి, కలిపి అకాడియానా అని పేరు పెట్టింది. అందులో కేజన్ల పేరే ఉంది. క్రియోళ్లు ఇంటికి అద్దెవాళ్లుగా మిగిలారు. 1982లో ఒపెలూసస్ దగ్గర ప్లేజాన్స్ పొలాల్లో మొదలైన జైడికో ఉత్సవం ఆ రెంటికీ సమాధానం. ఇంతలో గుర్తింపు కూడా వచ్చింది. లేక్ చార్ల్స్‌లో పుట్టి కాలిఫోర్నియాలో స్కూలు బస్సు నడిపి, నలభై దాటాక వేదిక ఎక్కిన క్వీన్ ఐడాకు 1983లో గ్రామీ వచ్చింది. మరుసటి ఏడాది క్లిఫ్టన్‌కు వచ్చింది. అప్పటికే మధుమేహం ఆయన కాలిలో కొంత భాగాన్ని తీసుకుంది, డయాలసిస్ నడుస్తోంది. ఆయన మాత్రం ఊళ్లు తిరిగి వాయిస్తూనే ఉన్నాడు, 1987 డిసెంబరులో పోయేదాకా.

హ్యూస్టన్‌కు ఇది అతిథి సంగీతం కాదు. 1920ల నుంచి లూసియానా క్రియోళ్లు పని వెతుక్కుంటూ వచ్చి ఫిఫ్త్ వార్డులో ఒక పేటనే కట్టుకున్నారు, దానికి ఫ్రెంచ్‌టౌన్ అని పేరు. కేథలిక్ చర్చిల హాళ్లలో నిధుల కోసం జైడికో ఆటలు జరిగే ఆనవాయితీ అక్కడే స్థిరపడింది. ఈ నగరంలో వేలాది తెలుగు కుటుంబాలు ఉన్నాయి. దసరాకు, ఉగాదికి మనం కూడా ఇలాంటి హాళ్లే అద్దెకు తీసుకుంటాం. అయినా మన హాలుకూ వాళ్ల హాలుకూ నడుమ ఎవరూ నడిచినట్టు లేదు. నేనూ నడవలేదు, సహోద్యోగి రెండోసారి పిలిచేదాకా.

ఆ రాత్రి నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. డెబ్బై దాటిన పెద్దావిడ ఒకరు వచ్చి, ఆడతారా అని అడిగారు. రాదన్నాను. రానివాళ్లనే అడుగుతానన్నారు. నేను వంగి నా బూట్లు చూసుకుంటూ లెక్క పెడుతుంటే గడ్డం కింద వేలు పెట్టి నా తల పైకెత్తారు. కింద ఏముంది, సంగీతం ఇక్కడ ఉంది, అంటూ తన ఛాతీ మీద తట్టి చూపించారు. మూడో పాటకు లెక్క మరచిపోయాను. ఆ తరవాత ఆవిడ తన మనవడితో ఆడడానికి వెళ్లిపోయారు, నన్ను ఇంకెవరో లాగారు. అక్కడ ఒక పాటకు ఒక జంట, పాట అయిపోతే థాంక్స్ చెప్పి విడిపోవడం పద్ధతి. ఎవరితో వచ్చావు, ఏ పని చేస్తావు అని ఎవరూ అడగలేదు.

పదకొండున్నరకు దీపాలు వెలిగించారు. పిక్కలు పట్టేశాయి, చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది. కారు ఎక్కాక, ఆరు నెలల కిందట మర్యాదకు బాగుందన్న ఆ పాటే వెతికి పెట్టాను. పాత కారు, సాధారణమైన స్పీకర్లు. అకార్డియన్ అదే ముక్కను తిప్పుతోంది. ఎర్ర దీపం దగ్గర ఆగినప్పుడు చూసుకుంటే, బ్రేకు మీద లేని ఎడమ కాలు తట్లకు నడుమ, సరిగ్గా ఆ ఖాళీలో, మోకాలు వంచుతోంది.